కొత్త స్టేషన్ తాళాలు ఎవరి చేతికిస్తున్నారు?

విజయవాడ, గుంటూరు రైల్వే డివిజన్ల అధికారులకు, మా జిల్లాల్లో స్టేషన్లు కడుతున్న కంపెనీల ఇంజనీర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నెల్లూరు స్టేషన్‌ను వంద కోట్ల పైచిలుకు ఖర్చుతో తిరగ కడుతున్నారు. ఒంగోలు, సింగరాయకొండ, దొనకొండ స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకంలోకి వచ్చాయి. 2025 మే 22న ప్రధాని ఒకేసారి ప్రారంభించిన 103 స్టేషన్లలో మా పొరుగునున్న సూళ్లూరుపేట కూడా ఉంది. ఈ పనులు జరగాలని కోరుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం, జరుగుతున్నందుకు సంతోషంగానూ ఉంది. సివిల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్, పారిశుద్ధ్య పనుల్లో చేయి తిరిగినవాళ్లం కాబట్టి మా కళ్లు ముందు గోడల రంగు మీదికి కాక పైపుల మీదికి పోతాయి. మేం అడిగేది ఒక్కటే. రిబ్బన్ కత్తిరించిన మర్నాటి నుంచి ఆ స్టేషన్ ఎవరి పూచీ, ఏ డబ్బుతో చూసుకుంటారు, బాగా చూసుకుంటున్నారో లేదో దేన్నిబట్టి కొలుస్తారు అన్నది, పని నడుస్తుండగానే కాగితం మీద పెట్టండి.

ఈ ప్రశ్న రైల్వేకు కొత్త కాదు. పెద్ద స్టేషన్లను బాగుచేసి నడపడానికే 2012లో రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్, రైల్వే భూముల అభివృద్ధి అథారిటీ కలిసి భారతీయ రైల్వే స్టేషన్ల అభివృద్ధి సంస్థను పెట్టాయి. తర్వాత రైల్వే సలహా సంస్థ రైట్స్ కూడా వాటాదారుగా చేరింది. గాంధీనగర్ క్యాపిటల్ స్టేషన్, భోపాల్‌లో ఇప్పుడు రాణి కమలాపతి అంటున్న హబీబ్‌గంజ్ స్టేషన్ ఆ సంస్థ హయాంలో రూపుదిద్దుకున్నవే. సికింద్రాబాద్, బెంగళూరు లాంటి చోట్ల రోజువారీ నిర్వహణను ఒకే గొడుగు కిందికి తేవాలనీ ఆ సంస్థ చూసింది. 2021 అక్టోబరులో రైల్వే బోర్డు దాన్ని మూసేయమంది, పనులన్నీ జోన్ల చేతికి వచ్చాయి. సంస్థ ఉండాలా పోవాలా అన్న వాదనలోకి మేం దిగడం లేదు. అది పోయినా, ఒకే గొడుగు అనే ఆలోచన పోకూడదు.

ఇటలీలో ఇదే పనికి 1998లో గ్రాండి స్టాట్సియోనీ అనే కంపెనీ పెట్టారు. రోమ్ టెర్మినీ, మిలాన్ సెంట్రల్ లాంటి పెద్ద స్టేషన్లు దాని చేతిలో పెట్టారు. బాగుచేయడం, నడపడం, దుకాణాల అద్దె వసూలు, మూడూ దానివే. 2016లో దుకాణాల వ్యాపారాన్ని విడదీసి ప్రైవేటు మదుపరులకు అమ్మారు, స్టేషన్ల బాగోగులు రైల్వే వైపే ఉండిపోయాయి. అంతకు ముందే మిలాన్‌లో ప్రయాణికులను దుకాణాల వరసల మీదుగా చుట్టూ తిప్పే కదిలే ర్యాంపులు పెట్టినప్పుడు అక్కడి జనం చాలాకాలం విసుక్కున్నారు. చూపంతా అద్దె మీదే ఉన్న చోట నడిచే దారి ఎటు వంగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మా స్టేషన్లలో దుకాణం పెట్టండి, మంచి కాఫీ దొరకనివ్వండి. కానీ టికెట్ కౌంటర్ నుంచి ప్లాట్‌ఫాం దాకా తిన్నని దారికి అడ్డంగా ఒక్క కౌంటర్ కూడా రాకూడదని ప్లాన్‌లోనే గీత గీయండి. దుకాణాల అద్దెలో కొంత వాటా ఆ స్టేషన్ నిర్వహణకే అని విడిగా జమ చేయండి.

ఇప్పుడు మామూలు స్టేషన్‌లో నీళ్ల పైపు పగిలితే వర్క్స్ విభాగం రావాలి. మోటారు కాలితే ఎలక్ట్రికల్. అనౌన్స్‌మెంట్ మూగబోతే టెలికాం. చెత్త పేరుకుంటే శుభ్రత కాంట్రాక్టరు, అతని పైన ఇన్‌స్పెక్టరు. బండ్లు నడిపించే స్టేషన్ మాస్టరు దగ్గరికే జనం ఫిర్యాదు మోసుకెళ్తారు. ఆయన చేతిలో పానా లేదు, డబ్బూ లేదు. పదిమందిలో పాము చావదంటారు. పాత స్టేషన్‌లో పది కుళాయిలు, నాలుగు ఫ్యాన్లు ఉన్నప్పుడు ఈ పద్ధతి ఎలాగో నడిచింది. ఎస్కలేటర్లు, లిఫ్టులు, పట్టాల పైన వేలాడే వెయిటింగ్ హాలు వచ్చాక నడవదు. స్టేషన్‌కు ఒకే నిర్వహణాధికారి ఉండాలి. అన్ని విభాగాల పనివాళ్లనూ పిలిచే అధికారం, చిన్న మరమ్మతులకు ఎవరి సంతకం కోసమూ ఆగకుండా ఖర్చుపెట్టే నగదు, అన్ని గదుల తాళాలు ఆయన దగ్గరే ఉండాలి.

ఇక అసలు పనుల్లోకి వస్తాం. మరుగుదొడ్ల గురించి ఎక్కువ రాస్తున్నాం, ఎందుకంటే స్టేషన్ పరువు నిలిచేదీ పోయేదీ అక్కడే.

ముందు నీళ్ల లెక్క. ఉదయం రద్దీలో ఒక్కో దొడ్డిని గంటకు 8 మంది వాడతారనుకోండి. ఫ్లష్‌కు 10 లీటర్లు, కడుక్కోవడానికి 5 లీటర్లు, మనిషికి 15. ఇరవై దొడ్లకు గంటకు 2,400 లీటర్లు. ఉదయం 5 నుంచి 9 దాకా దాదాపు 10,000 లీటర్లు. వాష్ బేసిన్లు, నేల కడగడం ఇందులో కలపలేదు. పైన 5,000 లీటర్ల ట్యాంకు పెట్టి, మోటారును చేత్తో వేసేలా వదిలేస్తే ఏడింటికల్లా కుళాయి గాలి కొడుతుంది. అక్కడి నుంచి ఆ రోజంతా ఎవరెంత తుడిచినా వాసన పోదు. బోగీలకు నీళ్లు పట్టే స్టేషన్లలోనైతే ఇంకో చిక్కు ఉంది. ఒక్కో బోగీకి వెయ్యి లీటర్లకు పైనే పడుతుంది, రెండింటికీ ఒకే లైను ఉంటే బండి వచ్చినప్పుడల్లా దొడ్లలో ధార సన్నబడుతుంది. దొడ్లకు విడి ట్యాంకు, విడి పైపు, నీటి మట్టాన్ని బట్టి పనిచేసే ఫ్లోట్ స్విచ్‌తో దానంతటదే తిరిగే రెండు మోటార్లు, ఒకటి పనికి, ఒకటి అండకు, ఇంతకంటే తక్కువ ఒప్పుకోవద్దు.

రెండోది మా నీళ్ల గుణం. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల బోరు నీళ్లలో ఫ్లోరైడు, కోస్తా వైపు ఉప్పు. దొడ్లకు ఫ్లోరైడుతో ఇబ్బంది లేదు గానీ, గట్టి నీళ్లు తెచ్చే తెల్లటి పొర చూడడానికి బాగుండే సెన్సర్ కుళాయిల ప్రాణం తీస్తుంది. లోపలి సన్నటి జల్లెడ, వాల్వు పూడుకుపోతాయి. ఒకటి ఆగిపోతుంది, ఇంకొకటి రాత్రంతా కారుతూనే ఉంటుంది. దాని బ్యాటరీ, వాల్వు ఇక్కడి హార్డ్‌వేర్ షాపులో దొరకవు. నొక్కితే వచ్చి కాసేపటికి తానే ఆగే ఇత్తడి కుళాయిలు పెట్టండి. వాషర్ అరిగితే ఏ ప్లంబరైనా చిటికెలో మారుస్తాడు. లైను మొదట్లో జల్లెడ బిగించి పదిహేను రోజులకోసారి విప్పి కడిగించండి. తాగే నీళ్ల సంగతి వేరు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు, ఎంత గత్యంతరం లేకున్నా 1.5 దాటకుండా ఉండాలన్నది జాతీయ ప్రమాణం. కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. పరీక్ష తేదీ, అంకెలు కుళాయి పక్కన పలక మీద రాస్తే చాలు.

మూడోది, గోడలో పాతేసిన పైపులు. టైల్స్ వెనక పైపు కారితే టైల్స్ పగలగొట్టాలి. పగలగొట్టిన టైలు రంగు మళ్లీ దొరకదు. అందుకే రెండు వరసల దొడ్ల మధ్య మనిషి పక్కకు తిరిగి నడవగలిగేంత, కనీసం రెండున్నర అడుగుల సందు వదలాలి. పైపులన్నీ అందులో బయటికే ఉండాలి, ఒక్కో దొడ్డికి ఒక్కో గేటు వాల్వు ఉండాలి. ఒకటి పాడైతే ఒకటే మూస్తాం, వరసంతా మూయం.

నేల వాలు గురించి. నేల మీది నీళ్లు దిగిపోయే నహానీ ట్రాప్ వైపు 60కి 1 చొప్పున వాలుండాలి, అంటే మూడు మీటర్లకు 50 మిల్లీమీటర్లు. మేస్త్రీ కంటికి సమంగా ఉందని టైల్స్ పరిస్తే ట్రాప్ ఎత్తులోనూ నీళ్లు మూలలోనూ ఉంటాయి. బకెట్ నీళ్లు కుమ్మరించి ఐదు నిమిషాలు ఆగి చూడండి, ఎక్కడా చిన్న మడుగు కూడా మిగలకూడదు. ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల నీళ్ల మూత ఉంటేనే డ్రైనేజీ గాలి పైకి రాదు. మా వేసవిలో వాడకుండా తాళం వేసిన గదిలో ఆ నీళ్లు కొద్ది రోజుల్లో ఆవిరైపోతాయి. తెరవగానే గుప్పుమనే వాసనకు కారణం అదే. వారానికోసారి బకెట్ నీళ్లు పోస్తే పోయేదానికి ఫినాయిల్ డబ్బాలు ఖాళీ చేస్తుంటారు. ప్రతి ఆడవాళ్ల దొడ్డిలో మూత ఉన్న చెత్తబుట్ట పెట్టండి. అది లేని చోట ప్యాడ్లు పాన్‌లోకే పోతాయి, సగం పూడికలు వాటివల్లే. మిగతా సగం గుట్కా, షాంపూ ప్యాకెట్లు.

యాసిడ్ మాట గట్టిగా చెప్పాలి. గచ్చు తెల్లబడుతుందని సీసాలకు సీసాలు యాసిడ్ పోస్తారు. టైల్స్ మధ్య సందులు నింపిన పిండిని అది తినేస్తుంది, నీళ్లు కిందికి దిగుతాయి, కింది అంతస్తు కప్పు చెమ్మగిల్లుతుంది. కడప బండలు సున్నపురాయి, యాసిడ్ పడితే నురగ కక్కి గుంటలు పడతాయి. అన్నిటికంటే ప్రమాదం, బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ పోయడం. క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన గదిలో తుడిచే మనిషి ప్రాణానికే ముప్పు. కాంట్రాక్టులో యాసిడ్‌ను పూర్తిగా నిషేధించండి. పనిచేసేవాళ్లకు గ్లవుజులు, బూట్లు కాంట్రాక్టరే ఇవ్వాలని, ఇవ్వకపోతే బిల్లు ఆగుతుందని రాయండి. ఎంతమంది కావాలో కూడా మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి లెక్కకట్టండి. ఇరవై దొడ్ల వరసకు షిఫ్టుకు ఇద్దరు, రద్దీ వేళ ముగ్గురు తప్పదు.

నేల రాయి దగ్గర మాకు ఇంటి అభిమానం ఉంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా వెళ్తుంది, మా స్టేషన్లో ఉంటే మాకు గర్వం. కానీ అద్దంలా మెరుగు పెట్టిన రాయి వాన చెప్పుల కింద జారుతుంది. మెరుగు రాయిని గోడలకు, కౌంటర్ల పైభాగాలకు వాడండి. నడిచే చోట, ముఖ్యంగా ద్వారాల దగ్గరా మెట్ల అంచులకూ గరుకు ముఖం ఉన్న రాయి వేయండి. మార్కాపురం పలకరాయి కూడా పొరగా చీలిన సహజ ముఖంతో కాలికి పట్టునిస్తుంది. పరిచాక ప్రతి పలకనూ చిన్న కర్రతో తట్టి చూడండి. గట్టి చప్పుడు వస్తే కింద సిమెంటు నిండుగా ఉన్నట్టు. డొల్ల చప్పుడు వస్తే సామాను బండి చక్రం రెండు నెలల్లో దాన్ని పగలగొడుతుంది. చూపు లేనివారి కోసం వేసే పసుపు టైల్స్‌లో గీతలున్నవి నడవమని, చుక్కలున్నవి ఆగమని చెబుతాయి. వాటిని తీసుకెళ్లి స్తంభానికో చెత్తకుండీకో ఆనించడం మామూలుగా జరిగే తప్పు. కళ్లు మూసుకుని కర్రతో ఒకసారి నడిచి చూస్తే బయటపడుతుంది.

కప్పు విషయం. సముద్రం ఇక్కడికి దూరమేం కాదు, ఉప్పు గాలి ఇనుమును వదలదు. గాల్వనైజ్డ్ రేకు మొత్తం బాగానే ఉంటుంది, కోసిన అంచులు, స్క్రూ దిగిన రంధ్రాలు, సైటులో వెల్డింగ్ చేసిన అతుకులు ముందు తుప్పు పడతాయి. అతుకుల మీద జింకు పెయింటు రెండు పూతలు వేయించండి. స్క్రూ కింద ఉండే రబ్బరు వాషర్లు మా ఎండకు కొన్నేళ్లలో పగుళ్లిస్తాయి, కారడం అక్కడే మొదలవుతుంది. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే నిమిషానికి వెయ్యి లీటర్ల నీళ్లు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మా జిల్లాల్లో వాన ఎలా కురిసిందో మీకు తెలుసు. 2021 నవంబరు వరదలకు పడుగుపాడు దగ్గర పట్టాల కింది మట్టికట్టే కొట్టుకుపోయింది. అందుకే గట్టర్లు, కిందికి దిగే పైపులు మామూలు వాన లెక్కకు వేయకండి. పావురాల గూళ్లు, ఎండుటాకులు ఒక పైపును పూడ్చినా పక్క పైపు మోయగలగాలి.

పట్టాల పైన వచ్చే హాలుకు ఇంకో సంగతి ఉంది. కింద 25,000 వోల్టుల తీగ. దానికి రెండు మీటర్ల లోపు ఎవరు పనిచేయాలన్నా కరెంటు ఆపి, రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అంటే అద్దం తుడవాలన్నా, పట్టాల మీదున్న గట్టరు పూడిక తీయాలన్నా పవర్ బ్లాక్ కావాలి. మద్రాసు, విజయవాడ మధ్య ఇంత రద్దీ లైనులో అడిగిన వెంటనే బ్లాక్ దొరకదు. దొరకదు కాబట్టి ఎవరూ అడగరు, అద్దం రెండేళ్లకు మసకబారుతుంది. ఏడాదికి ఫలానా నాలుగు తేదీలు, అందులో ఒకటి ఈశాన్య రుతుపవనాలకు ముందు సెప్టెంబరులో, అని ఇప్పుడే నిర్ణయించి ఆపరేటింగ్ విభాగంతో ఒప్పించుకోండి. కప్పు కింద లైట్లకు చేరేందుకు ఇనుప నడవ కట్టించండి. అది లేకపోతే ఒక్క లైటు మార్చడానికి క్రేను పిలవాలి.

ఇలాంటి హాలు వస్తే ప్రతి ప్రయాణికుడూ ఆరు మీటర్లకు పైగా ఎక్కి దిగాలి. 150 మిల్లీమీటర్ల మెట్టయితే నలభై మెట్లు. చెన్నై ఆసుపత్రులకు వెళ్లే ముసలివాళ్లు, కాన్పు నెలల ఆడవాళ్లు ఎక్కువగా ఉండే స్టేషన్లు మావి. లిఫ్టు, ఎస్కలేటర్ వీళ్లకు హంగు కాదు, అవసరం. ఎస్కలేటర్ ఆగేది ఎక్కువగా యంత్రం చెడి కాదు. ఎవరో ఎర్ర బటన్ నొక్కుతారు, లేదా పైకి చేరే చోట ఉన్న దువ్వెన పళ్లలో చెప్పు పట్టీ, చీర అంచు ఇరుక్కుంటుంది. భద్రత కోసం అది తానే ఆగుతుంది, ఆగాలి కూడా. ఆ తర్వాత చూసి, తీసి, తాళంచెవి తిప్పి నడిపేవాళ్లు స్టేషన్‌లో లేక, మెకానిక్ దూరపు ఊరి నుంచి వచ్చేదాకా అది మెట్లుగా మిగిలిపోతుంది. ప్రతి షిఫ్టులో శిక్షణ పొందిన ఒక మనిషి, అతని దగ్గర ఒక తాళంచెవి ఉండాలి. లిఫ్టు గుంతలోకి వాన నీళ్లు దిగితే కింది స్విచ్‌లు పాడవుతాయి, గుంతలో ఫ్లోట్ ఉన్న చిన్న పంపు పెట్టించండి. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ పరికరాన్ని నెలకోసారి మెయిన్ ఆపి పరీక్షించండి. బ్యాటరీ చచ్చిందని లోపల మనుషులున్నప్పుడు తెలియకూడదు.

ప్లాట్‌ఫాం మీద రెండే మాటలు. సుమారు 24 మీటర్ల బోగీలు 22 కలిస్తే బండి అర కిలోమీటరు దాటుతుంది. రెండు నిమిషాలు ఆగే బండికి తప్పు చోట నిలబడ్డ కుటుంబం మూటలతో రెండొందల మీటర్లు పరుగెత్తాలి. బోగీ నంబరు చూపే బోర్డులు పనిచేయకపోతే మిగతా అలంకారమంతా వృథా. రెండోది, జనరల్ బోగీలు ఎక్కువగా బండికి ముందూ వెనకా ఉంటాయి, షెడ్డు మాత్రం మధ్యలో ఉంటుంది. మే నెల ఎండలో, వడగాడ్పులో తలమీద నీడ లేకుండా నిలబడేది తక్కువ టికెట్టు కొన్నవాళ్లే. ఒక ఫాల్స్ సీలింగ్ తగ్గించైనా షెడ్డును ఆ రెండు చివరలకూ లాగండి. అనౌన్స్‌మెంట్‌కు పెద్ద హారన్లు నాలుగు కాకుండా చిన్న స్పీకర్లు దగ్గర దగ్గరగా పెడితే మాట మాటగా వినిపిస్తుంది.

నెల్లూరుకు ప్రత్యేకంగా రొట్టెల పండుగ ఉంది. బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువుకు లక్షల మంది వస్తారు. మొహర్రం ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పండుగ 2028కి జూన్ మొదటికి, ఆ మరుసటి ఏడు మే నెలలోకి వస్తుంది. అంటే ఏడాదిలో పెద్ద రద్దీ, ముదురు ఎండ ఒక్కటవుతాయి. మీటరు వెడల్పు మెట్ల మీద నిమిషానికి 40, 50 మందికి మించి సాఫీగా కదలరు. ఒక బండి దిగిన వెయ్యిమందికి మూడు మీటర్ల మెట్లు ఒక్కటే దారైతే ఏడెనిమిది నిమిషాలు. ఈలోగా పక్క ప్లాట్‌ఫాం మీదికి ఇంకో బండి వస్తే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ మెట్ల మీదే ఎదురుపడతారు. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి విడదీసే కంచె, తాత్కాలిక నీళ్ల పాయింట్లు, చివరి నిమిషంలో ప్లాట్‌ఫాం మార్చకూడదన్న నియమం, ఈ మూడూ ఆ వారం ప్రణాళికలో ఉండాలి.

ఇక కాంట్రాక్టు కాగితం. కట్టిన కంపెనీకి లోపాల బాధ్యత కాలం, అంటే బయటపడ్డ లోపాలను తానే సరిచేయాల్సిన గడువు, ఎలాగూ ఉంటుంది, దాన్ని ఐదేళ్ల నిర్వహణతో ముడిపెట్టండి. తానే ఐదేళ్లు తుడవాలని తెలిసినవాడు పైపును గోడలో పాతడు. జరిమానా గంటల లెక్కన రాయండి. ఎస్కలేటర్ ఆగితే అరగంటలో మనిషి రావాలి, నాలుగు గంటల్లో తిరగాలి. దొడ్లకు నీళ్ల సరఫరా అరగంటకు మించి ఆగకూడదు. కాలిన లైటు మర్నాటి చీకటి పడేలోపు మారాలి. అప్పగింతప్పుడు పైపుల, తీగల అసలు నక్షాలు, గీసినవి కాదు, వేసినవి, తెలుగు మాటలతో గుర్తులు పెట్టి నిర్వహణాధికారి గదిలో ఉంచండి. విడిభాగాల పెట్టెలో కనీసం ఇరవై కుళాయి వాషర్లు, పది జెట్ స్ప్రేలు, రెండు ఫ్లోట్ స్విచ్‌లు, ఒక అదనపు మోటారు, ఎస్కలేటర్ దువ్వెన ముక్కలు ఆరు, ప్రతి రకం టైలు ఒక పెట్టె మిగిల్చి ఇవ్వమనండి.

చివరి బిల్లు చెల్లించే ముందు ఒక్క పరీక్ష పెట్టండి. అక్టోబరు, నవంబరుల్లో మొదటి గట్టి వాన పడిన రోజు మీ ఇంజనీరు, కంపెనీ ఇంజనీరు కలిసి స్టేషన్ ఒక చివరి నుంచి ఇంకో చివరకు నడవాలి. కారిన ప్రతి చోట సుద్దతో గుండ్రంగా గీసి, తేదీ వేసి, ఫొటో తీసి జాబితా చేయాలి. ఆ జాబితా ఖాళీ అయ్యాకే బిల్లు. పిలిస్తే మేమూ వస్తాం. కొలత టేపు, మట్టం గొట్టం మా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
సివిల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్, పారిశుద్ధ్య పనులు ఎరిగిన
నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు ప్రయాణికులు